నాన్న చెప్పిన కండెన్సర్ వేరు, ఇక్కడి కండెన్సర్ వేరు

పోయిన జులైలో ఒక శనివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ వచ్చి "ఏంట్రా, ఇవాళ ఇల్లు ఇలా ఉడికిపోతోంది" అంది. వెళ్లి థర్మోస్టాట్ చూస్తే 84 చూపిస్తోంది. మేం పెట్టుకున్నది 76. బయట 104 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 40 డిగ్రీలు. మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో. ఖమ్మం ఎండల్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఎండంటే భయం లేదు కానీ ఇక్కడి ఇళ్ల కట్టుబడే వేరు. చెక్క ఫ్రేములు, వాటి మధ్య దూదిలాంటి ఇన్సులేషన్, ఎదురెదురు గుమ్మాలు ఉండవు, ఏసీ ఆగిందంటే గాలాడే దారి ఉండదు. 2011 వేసవిలో డాలస్‌లో వరసగా 40 రోజులు పగటి వేడి వంద డిగ్రీలకు తగ్గలేదు, ఆ ఏడాది మొత్తమ్మీద అలాంటి రోజులు 71. అప్పట్నుంచీ ఇక్కడున్న మనవాళ్లు ఆ వేసవి సంగతి ఇప్పటికీ చెప్తుంటారు. అమ్మకి బీపీ, నాన్నకి డెబ్బై రెండేళ్లు, మా పాపకి మూడేళ్లు. నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

నేను ఫోన్లో ఏసీ కంపెనీల నంబర్లు వెతుకుతుంటే నాన్న చెప్పులేసుకుని వెనక పెరట్లోకి వెళ్లాడు. బయటి యూనిట్ పక్కన ఒక నిమిషం నిలబడి, తల వంచి విని వచ్చాడు. "ఒరేయ్, లోపల మోటారు మూలుగుతోంది, పైన ఫ్యాను తిరగట్లేదు. కండెన్సర్ పోయిందిరా" అన్నాడు.

నేను ఆ మాట పట్టుకుని కంపెనీకి ఫోన్ చేసి, మా కండెన్సర్ పోయింది అని చెప్పాను. యూనిట్ వయసెంత అని అడిగింది ఆ అమ్మాయి, పదకొండేళ్లన్నాను. ఇరవై నిమిషాల్లో ఇంకొకాయన ఫోన్ చేశాడు. పదకొండేళ్ల యూనిట్‌కి కండెన్సర్ పోతే బాగుచేయించడం దండగ, బయటిది ఒక్కటే మారిస్తే 8,900 డాలర్లు, కానీ ఇప్పుడు కొత్త గ్యాస్ వచ్చింది కాబట్టి లోపలి కాయిల్ కూడా మార్చుకోవాలి, రెండూ కలిపి 14,500, సోమవారం వచ్చి బిగిస్తాం అన్నాడు. నెలనెలా కట్టుకోవచ్చు కూడానట. మా ఇంటికి మనిషి రాలేదు, యూనిట్ మూత తీసి చూడలేదు, ఒక్క మాట మీద పద్నాలుగు వేల డాలర్లు.

ఫోన్ పెట్టేసి నాన్నకి చెప్పాను. ఆయన తెల్లబోయాడు. "కండెన్సర్‌కి పద్నాలుగు వేలా? మన ఫ్యాన్లో ఉండే కండెన్సర్ రా నేను చెప్పేది. ఆ డబ్బా."

అప్పుడు వెలిగింది నాకు. మన ఊళ్లలో సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే, లేదా చేత్తో తోస్తే గానీ మొదలవ్వకపోతే, ఎలక్ట్రీషియన్ వచ్చి కండెన్సర్ మార్చి పోతాడు. పైన గిన్నె మూతలో దాచిపెట్టి ఉండే చిన్న డబ్బా, దాని మీద 2.5 అని రాసి ఉంటుంది. ఇంటి బోరు మోటారు స్టార్టర్ పెట్టెలో కూడా అదే, కాస్త పెద్దది. నిజానికి కండెన్సర్ అన్నది ఆ వస్తువుకి పాత ఇంగ్లీషు పేరే, మన దగ్గర అలాగే నిలిచిపోయింది. ఇక్కడివాళ్లు దాన్ని కెపాసిటర్ అంటారు. ఇక ఏసీ భాషలో కండెన్సర్ అంటే పెరట్లో ఉన్న ఆ మొత్తం యూనిట్. నాన్న చెప్పింది అరచేతిలో పట్టే డబ్బా గురించి, వాళ్లకి వినిపించింది బయటి యూనిట్ మొత్తం. కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఇదే అనిపించి ఇదంతా రాస్తున్నాను. ఫోన్లో కంపెనీవాళ్లకి మీకు తెలిసిన పేరు చెప్పొద్దు, మీ కంటికి కనిపించింది, చెవికి వినిపించింది చెప్పండి. "బయట ఫ్యాన్ తిరగట్లేదు, లోపల గాలి వస్తోంది గానీ చల్లగా లేదు" అంటే చాలు, ఏ భాగం పోయిందో వాళ్లే వచ్చి చూసి చెప్పాలి.

ఇండియాలో గోడకి బిగించే స్ప్లిట్ ఏసీ తెలిసినవాళ్లకి ఇక్కడి సెంట్రల్ ఏసీ కొత్త వింతేమీ కాదు. అదే యంత్రం, కాకపోతే లోపలి భాగం గదిలో కాకుండా ఆటిక్‌లో, అంటే ఇంటి పైకప్పు కింద ఉంటుంది. అక్కడొక పెద్ద పెట్టె, అందులో గాలి తోసే బ్లోయరు, దాని ముందు చల్లటి కాయిల్. ఇంట్లో గాలిని ఫిల్టర్ గుండా లాక్కుని, కాయిల్ మీదుగా పంపి, లావాటి గొట్టాల్లో గదిగదికీ తోస్తుంది. బయటి యూనిట్లో కంప్రెసరు, పైన ఫ్యాను, చుట్టూ కాయిల్. ఇంట్లో వేడిని గ్యాస్ మోసుకొచ్చి అక్కడ బయటికి వదుల్తుంది. ఈ రెంటికీ ఆజ్ఞలిచ్చేది థర్మోస్టాట్. దాన్నుంచి పోయే సన్న తీగల్లో ఉండేది 24 వోల్టులే. పసుపు తీగ బయటి యూనిట్‌ని, ఆకుపచ్చ తీగ లోపలి బ్లోయర్‌ని లేపుతుంది. రంగులు అన్ని ఇళ్లలో అలాగే ఉంటాయని కాదు గానీ వై, జి అని అక్షరాలు మాత్రం ఉంటాయి.

కాబట్టి చూడాల్సింది మూడు చోట్ల. గదిలో జాలీ దగ్గర చెయ్యి పెడితే గాలి వస్తోందా? వస్తే అది చల్లగా ఉందా? బయట ఫ్యాను తిరుగుతోందా? గాలే రాకపోతే తప్పు లోపల, ఆటిక్ వైపు. గాలి మామూలుగా వచ్చి చల్లగా లేకపోతే బయటికి నడవాలి. గాలి వస్తోంది గానీ సన్నగా, బలం లేకుండా వస్తుంటే అది మూడో రకం, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇవి చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

మా ఇంట్లో ఆ రోజు గాలి వస్తోంది, చల్లగా లేదు. బయట కంప్రెసర్ కాసేపు మూలిగి, టక్కుమని ఆగిపోయి, కొంతసేపటికి మళ్లీ మొదలవుతోంది. ఫ్యాన్ అస్సలు కదలట్లేదు. నాన్న పెరట్లో సొరపాదు పందిరికి కట్టిన సన్న వెదురుపుల్ల ఒకటి లాగి తెచ్చాడు. కంప్రెసర్ మూలుగుతుండగా పైన జాలీ సందుల్లోంచి ఆ పుల్ల దింపి ఫ్యాన్ రెక్కని మెల్లగా ఒక్క తోపు తోశాడు. రెక్క ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు, మెల్లమెల్లగా వేగం అందుకుని తిరగడం మొదలుపెట్టింది. వేడిగాలి మొహానికి కొట్టింది. "చూశావా, మోటారు బాగానే ఉంది, మొదలెట్టే బలం లేదు అంతే" అన్నాడు. ముప్ఫయ్యేళ్లు ఊళ్లో సగం ఇళ్ల బోరు మోటార్లు చూసిన మనిషి, ఇంతవరకూ సెంట్రల్ ఏసీ మూత తీసి చూడలేదు, కానీ మోటారు ఎక్కడైనా మోటారే.

(పుల్లతో తోయడం మీరు చేయండని చెప్పను. చెయ్యి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, రెక్క అందుకుందంటే వేళ్లు పోతాయి. ఫ్యాన్ తిరగకుండా మూలుగు వినిపిస్తోందంటే దాదాపు సంగతి తెలిసిపోయినట్టే, వెంటనే థర్మోస్టాట్ ఆపేయడం మేలు. బయటి ఫ్యాన్ లేకుండా కంప్రెసర్ నడిస్తే వేడి బయటికి పోయే దారి లేక అదీ దెబ్బతింటుంది.)

ఎందుకిలా అవుతుందంటే, ఈ మోటార్లలో రెండు చుట్టలు ఉంటాయి. రెంటికీ ఒకే కరెంటు ఒకేసారి అందితే మోటారు ఎటు తిరగాలో తెలియక అక్కడే వణుకుతూ మూలుగుతుంది. రెండో చుట్టకి వెళ్లే కరెంటుని కాస్త ముందూ వెనకా చేసి తిరిగే బలం ఇచ్చేది ఈ కెపాసిటరే. చాలా ఏసీల్లో కంప్రెసర్‌కీ ఫ్యాన్‌కీ కలిపి ఒకే డబ్బా ఉంటుంది, పైన మూడు కొసలు. ఒకదాని మీద సి అంటే రెంటికీ ఉమ్మడిది, ఇంకోదాని మీద హెర్మ్ అంటే కంప్రెసర్, మూడోది ఫ్యాన్. మాది 45+5 మైక్రోఫారడ్లు (కెపాసిటర్ సామర్థ్యం కొలిచే లెక్క), అంటే 45 కంప్రెసర్‌కి, 5 ఫ్యాన్‌కి. ఫ్యాన్ వైపు చచ్చిపోతే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది. కంప్రెసర్ వైపు పోతే పైన ఫ్యాన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, కంప్రెసర్ మాత్రం రెండు మూడు సెకన్లు గుర్రుమని ఆగిపోతుంది, బయటి నుంచి చూసేవాళ్లకి అంతా బాగున్నట్టే ఉంటుంది. వేడి దీనికి పెద్ద శత్రువు. టెక్సాస్ ఎండలో రేకు డబ్బా లోపల ఏళ్ల తరబడి ఉండే వస్తువు, ఎప్పుడో ఒకప్పుడు పోయేదే.

ఇక మూత తీయడం. ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు, 240 వోల్టులు. ముందు థర్మోస్టాట్ ఆఫ్, తర్వాత గ్యారేజ్‌లో ప్యానెల్‌లో రెండు కలిపి ఉండే బ్రేకర్ ఆఫ్, ఆ తర్వాత యూనిట్ పక్క గోడకి ఉండే డిస్‌కనెక్ట్ డబ్బాలోంచి పిడి బయటికి లాగి జేబులో పెట్టుకోవడం. థర్మోస్టాట్ ఆపితే చాలదా అనుకోవద్దు. చాలా యూనిట్లలో కాంటాక్టర్, అంటే థర్మోస్టాట్ మాట విని బయటి యూనిట్‌కి కరెంటు కలిపే స్విచ్, రెండు తీగల్లో ఒకదాన్నే తెంపుతుంది, రెండో తీగలో యూనిట్ ఆగి ఉన్నప్పుడు కూడా కరెంటు ఉంటుంది. ఇవన్నీ ఆపాక మీటర్ పెట్టి కరెంటు లేదని చూసుకుని గానీ నేను వేలు పెట్టలేదు.

నాలుగు స్క్రూలు విప్పి పక్క మూత తీశాం. వెండి రంగు కోడిగుడ్డు ఆకారం డబ్బా, ఒక రేకు పట్టీతో బిగించి ఉంది. పైభాగం చదునుగా ఉండాల్సింది పూరీలా ఉబ్బి ఉంది, అంచున నూనె చెమ్మ. నాన్న ఏమీ అనలేదు, వేలితో చూపించాడు అంతే. ముందు ఫోన్‌తో తీగలన్నీ నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకున్నాను. తర్వాత పిడికి ప్లాస్టిక్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో సి కి హెర్మ్‌కి మధ్య, సి కి ఫ్యాన్‌కి మధ్య తాకించి, మిగిలిన కరెంటు ఖాళీ చేశాం. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్లో నిల్వ ఉండొచ్చు, ఈ మెట్టు వదిలేసి చెయ్యి పెడితే గట్టిగా కొడుతుంది. తీగలు విప్పి కెపాసిటర్ కొలిచే మీటర్ పెట్టాం. కంప్రెసర్ వైపు 39.6. ఫ్యాన్ వైపు 1.1. డబ్బా మీద ప్లస్ ఆర్ మైనస్ 6 శాతం అని ఉంది, అంటే 45 అన్నది 42.3 కంటే తగ్గకూడదు, 5 అన్నది 4.7 కంటే తగ్గకూడదు. రెండూ పోయాయి, ఒకటి ఇవాళ, ఇంకోటి కొన్నాళ్లలో ఆపేసేది.

ప్లేనోలో ఒక స్పేర్ పార్టుల షాపు సాయంత్రం ఐదింటి దాకా ఉంటుందని తెలిసి, పాత డబ్బా కాగితంలో చుట్టి పట్టుకెళ్లాను. 45+5 అంటే 45+5 తేవాలి, దగ్గర్లో ఉంది కదా అని 40+5 పెట్టకూడదు. వోల్టేజి మాత్రం పాతదాని మీద 370 ఉంటే 440ది పెట్టొచ్చు, 440 ఉన్నచోట 370 పెట్టకూడదు. 28 డాలర్లు. రెండు కొన్నాను.

బిగించి, ఫోటో చూసి తీగలు పెట్టి, మూత వేసి, పిడి గుచ్చి, బ్రేకర్ వేసి, థర్మోస్టాట్ పెట్టాను. ఫ్యాన్ ఝామ్మని తిరిగింది. కంప్రెసర్ ఉలుకూ పలుకూ లేదు.

ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన చోటు. ఆ పదిహేను నిమిషాలు నా ప్రాణం ఎక్కడో ఉంది, పద్నాలుగు వేల డాలర్ల ఆయనే కరెక్టేమో, ఫ్యాన్ లేకుండా నడిచి నడిచి కంప్రెసర్ కాలిపోయిందేమో అనిపించింది. నాన్న యూనిట్ అడుగున చెయ్యి పెట్టి "నిప్పులా ఉంది, చల్లారనీ" అన్నాడు. ఆయన అన్నదే నిజం. కంప్రెసర్ లోపల వేడెక్కితే దానంతటదే తెంపుకునే ఓవర్‌లోడ్ ఉంటుంది, బాగా కాగిపోతే అది మళ్లీ కలవడానికి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సరిగ్గా ఆ గంటలో టెక్నీషియన్ వచ్చి మీటర్ పెడితే చుట్ట తెగినట్టే చూపిస్తుంది, తొందరపడేవాడైతే కంప్రెసర్ పోయిందని చీటీ రాసి వెళ్తాడు. అందుకని అలా ఎవరైనా అంటే యూనిట్ చల్లారాక ఇంకోసారి చూడమని అడగండి, రేపు పొద్దున్న రమ్మనండి. మేం అన్నీ ఆపేసి, అమ్మనీ పాపనీ పక్కవీధిలో స్నేహితుల ఇంటికి పంపి, టీ తాగుతూ కూర్చున్నాం. ఆరుంపావుకి మళ్లీ వేశాను. టక్, తర్వాత గుమ్మని నిండైన చప్పుడు. పది నిమిషాలకి నల్ల స్పాంజి తొడిగిన లావు రాగి గొట్టం పట్టుకుంటే చల్లగా, తడితడిగా ఉంది. రాత్రి పదకొండింటికి ఇల్లు 78కి వచ్చింది.

మా మిత్రుడొకరు ఇదే పనికి ఒక ఆదివారం 380 డాలర్లు కట్టాడు. అది దోపిడీ అని నేను అనను. లైసెన్సు ఉన్న మనిషి ఆ ఎండలో, సెలవు రోజున, సామాను బండిలో వేసుకుని వచ్చి చేసే పని అది, కరెంటు పని చేతనవ్వని వాళ్లు కచ్చితంగా పిలిపించుకోవాలి. నాకు కోపం తెప్పించింది చూడకుండా కొత్తది కొనమనడం ఒక్కటే.

ఇంకో రెండు సంగతులు మా ఇంట్లోనే అంతకుముందు జరిగినవి.

ఇల్లు కొన్న రెండో ఏడు, పడకగది కిటికీ పైన గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన తెల్ల గొట్టం నుంచి చుక్కచుక్కగా నీళ్లు పడేవి. ఏసీ నీళ్లే కదా, పడతాయి అనుకుని వదిలేశాం, ఆ కింద నేను కరివేపాకు కుండీ కూడా పెట్టాను. మూడు వారాల తర్వాత ఒక రాత్రి థర్మోస్టాట్ తెర మొత్తం ఖాళీ, చీకటి. బ్యాటరీలు మార్చినా రాలేదు. అసలు సంగతేంటంటే, ఆటిక్‌లో చల్లటి కాయిల్ మీద గాలిలో తేమంతా నీళ్లై కారుతుంది, ఉక్కపోతగా ఉన్న రోజున పదుల లీటర్లు. అవి పోవడానికి ఒక ప్రధాన గొట్టం ఉంటుంది. అది పూడుకుపోతే నీళ్లు కింద పళ్లెంలోకి చేరి, రెండో గొట్టం గుండా బయటికి వస్తాయి. ఆ రెండో గొట్టాన్ని కావాలనే కిటికీ పైన, అందరి కళ్లకీ కనపడేలా పెడతారు, అది నీళ్లు కారిందంటే మొదటిది మూసుకుపోయిందని మనకి చెప్పడానికే. మేం దాని మాట వినలేదు. చివరికి పళ్లెంలో నీళ్లు పెరిగి, అందులో ఉండే చిన్న తేలుడు స్విచ్ లేచి, ఏసీకి కరెంటు తెంపేసింది. అది తెంపబట్టే మా సీలింగ్ కూలకుండా నిలిచింది.

పూడుకున్నది పాచి. మన ఊళ్లో నీళ్ల తొట్టి గోడకి పట్టే పాచే, జిగటగా, కాస్త గోధుమరంగులో. తడి, పొడి రెండూ లాగే వాక్యూమ్ తెచ్చి, మొదటి గొట్టం బయటికి వచ్చే చోట మూతి ఆనించి, చుట్టూ తడిగుడ్డ చుట్టి రెండు మూడు నిమిషాలు లాగితే గుటగుటమని ఒక బకెట్ నీళ్లూ పాచీ వచ్చాయి. అప్పట్నుంచి వేసవిలో నెలకోసారి ఆటిక్‌లో ఆ గొట్టానికి ఉన్న మూత తీసి ఒక కప్పు తెల్ల వెనిగర్ పోసి, అరగంట ఆగి నీళ్లు పోస్తాను. పొద్దున్నే ఆరింటికి వెళ్లాలి, మధ్యాహ్నం ఆటిక్‌లో 130 దాటుతుంది, అప్పుడు ఎక్కితే కళ్లు తిరుగుతాయి.

థర్మోస్టాట్ ఖాళీ అయితే చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. బ్యాటరీలు, లోపలి యూనిట్‌కి వేరే ఉండే బ్రేకర్, ఆటిక్ పెట్టె తలుపు సరిగ్గా మూసుకోకపోతే నొక్కుకోని చిన్న స్విచ్, బోర్డు మీద కార్లలో ఉండేలాంటి 3 లేదా 5 ఆంపుల ఫ్యూజు. ఫ్యూజు మార్చగానే మళ్లీ పోతే ఎక్కడో సన్న తీగ ఒరుసుకుపోయిందని అర్థం, అక్కడ ఆగి మనిషిని పిలవాలి. బ్రేకర్ సంగతీ అంతే. ఒక్కసారి వేసి చూడొచ్చు, మళ్లీ పడిపోతే మళ్లీ మళ్లీ వేయడం ప్రమాదం.

రెండోది, ముందు చెప్తానన్న సన్నగాలి. మా అత్తగారూ మామగారూ వచ్చిన ఏడాది, రోజూ రెండు పూటలా తాలింపులు, పొద్దున్నా సాయంత్రం అగరుబత్తీలు, ఇంటినిండా మనుషులు. అంతకు నెల ముందే నేను ఫిల్టర్ మంచిది తెచ్చిపెట్టాననుకున్నాను, అంగుళం మందం, మెర్వ్ 13 ఉన్నది (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్న దుమ్ము పట్టగలదో చెప్పే అంకె). గాలి రానురానూ తగ్గిపోయింది. ఆటిక్‌లో చూస్తే కాయిల్‌కి పోయే రాగి గొట్టం మీద తెల్లగా మంచు. ఏసీకి మంచు పడితే బాగా చల్లబడుతోందని అర్థం కాదు. గాలి చాలినంత రాక కాయిల్ సున్నా సెల్సియస్ కిందికి పడిపోయి, దాని మీది నీళ్లు గడ్డకట్టి, ఉన్న గాలిదారి కూడా మూసేస్తాయి. ఫిల్టర్ బయటికి తీస్తే నూనె జిడ్డు, అగరుబత్తి మసి కలిసి దుప్పటిలా తయారైంది. కూలింగ్ ఆపి, ఫ్యాన్ ఒక్కటే ఆన్ పెట్టి ఐదు గంటలు కరగనిచ్చాం. ఇప్పుడు మెర్వ్ 8ది వాడుతున్నాను, మనుషులు ఎక్కువుంటే నెలకోసారి, లేకపోతే రెండు నెలలకోసారి మారుస్తాను. వాడని గదుల జాలీలు మూసేస్తే కరెంటు ఆదా అని చాలామంది అంటారు, దానివల్ల కూడా గాలి తగ్గి ఇదే పరిస్థితి వస్తుంది, మూయకండి.

ఫిల్టర్ శుభ్రంగా ఉండి, జాలీలన్నీ తెరిచి ఉండి కూడా మంచు పడుతుంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. ఇక్కడ ఒక్క మాట. ఇండియాలో ఏటా గ్యాస్ పట్టించడం అలవాటైపోయి, ఇక్కడా వేసవి ముందు గ్యాస్ నింపించుకోవాలి అనుకుంటారు. గ్యాస్ పెట్రోల్లా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని. కారే చోటు వెతకకుండా నింపి పోతే ఆ డబ్బు గాల్లో కలిసినట్టే. పైగా ఇది మనం ముట్టుకునే పని కాదు, ఇక్కడ గ్యాస్‌తో పని చేయాలంటే పర్యావరణ సంస్థ ఈపీఏ వారి 608 సర్టిఫికెట్ ఉండాలి. 2010కి ముందు ఇళ్లలో ఎక్కువగా ఉండే ఆర్-22 గ్యాస్ తయారీ, దిగుమతి 2020 జనవరి నుంచి అమెరికాలో ఆగిపోయాయి. ఆ తర్వాత వచ్చిన ఆర్-410ఏ తో కొత్త ఇంటి ఏసీలు తయారు చేయడం కూడా 2025 నుంచి ఆపేసి, ఆర్-454బి, ఆర్-32 కి మారుతున్నారు. ఫోన్లో ఆయన చెప్పిన కొత్త గ్యాస్ మాట ఆ మేరకు నిజమే. కానీ బాగున్న పాత యూనిట్‌ని మార్చాలని ఏ రూలూ లేదు, 410ఏ గ్యాస్ రిపేర్లకి ఇప్పటికీ దొరుకుతోంది.

అంతా బాగుందో లేదో తెలుసుకోవడానికి నాన్న ఒక పద్ధతి పెట్టాడు. వంటింట్లో పాలు, పెరుగు తోడుకి వాడే డిజిటల్ థర్మామీటర్ తీసుకుని, ఏసీ పదిహేను నిమిషాలు నడిచాక, గాలి లోపలికి లాగే పెద్ద జాలీ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే జాలీ దగ్గర ఒకసారి చూస్తాడు. రెంటికీ తేడా 16 నుంచి 22 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉంటే బాగున్నట్టు. 10, 12 చూపిస్తే ఏదో ఉంది. 25 దాటితే గాలి తక్కువ పోతోంది, ఫిల్టర్ చూడాలి. ఆ నెలలో ఆదివారం ఆదివారం రాసిపెట్టిన అంకెలు ఫ్రిజ్ పక్కన క్యాలెండర్ మీద ఇంకా ఉన్నాయి. 19, 18, 19, ఒకవారం 15. ఆ 15 వచ్చిన రోజు బయటి యూనిట్ చుట్టూ కాయిల్‌కి గడ్డి కోసినప్పుడు ఎగిరిన తుక్కు చాపలా అంటుకుని ఉంది. కరెంటు ఆపి, మామూలు తోట పైపుతో మెల్లగా కడిగాక మళ్లీ 18. ప్రెషర్ వాషర్ పెట్టకూడదు, సన్న రేకులు వంగిపోతాయి.

ఇంకోటి, ఇల్లు త్వరగా చల్లబడుతుందని థర్మోస్టాట్‌ని 65కి దించడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. 76కి పెట్టినా 65కి పెట్టినా మాలాంటి మామూలు యంత్రం అదే వేగంతో పని చేస్తుంది, తొందరగా ఆగకపోవడం తప్ప. బయట 107 ఉన్న మధ్యాహ్నం లోపల 78 దగ్గర ఆగిపోయి, సాయంత్రానికి 76కి వస్తే అది చెడిపోవడం కాదు. మన ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు 80 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటే వాళ్లకీ హాయిగా ఉంటుంది, మా అమ్మకి 74 అంటే చలి. అద్దె ఇంట్లో, అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లు మాత్రం ఫిల్టర్, బ్యాటరీలు తప్ప ఏదీ ముట్టుకోవద్దు, ఆఫీసువాళ్లకి చెప్పండి.

నాన్న ఊరెళ్లేముందు రెండో కెపాసిటర్‌ని అట్టపెట్టెలో పెట్టి, దాని మీద స్కెచ్ పెన్‌తో తెలుగులో "కండెన్సర్ 45+5, ముందు పిడి లాగాలి, తర్వాత మూత" అని రాసి గ్యారేజ్ అలమరలో పెట్టాడు. ఈ ఏప్రిల్‌లో బిగించి ఉన్న దాన్ని ఒకసారి విప్పి కొలిచాను. కంప్రెసర్ వైపు 44.6, ఫ్యాన్ వైపు 4.9. పక్కనే కాంటాక్టర్ పలకల మధ్య నాలుగైదు చీమలు కాలి అంటుకుని ఉన్నాయి, కరెంటు తీసే ఉంది కాబట్టి కాగితం ముక్కతో దులిపేశాను. అంకెలు ఫోన్లో చెప్తే, "చీమలు ఎక్కడ్నుంచి వస్తున్నాయో చూడు" అన్నాడు నాన్న. తీగ వచ్చే గొట్టం చుట్టూ ఉన్న సందులోంచి. ఈ శనివారం అది మూయాలి.